దొమ్మరోగం: కళేబరాన్ని కోయొద్దు, నష్టాన్ని రైతు మీదే వదలొద్దు

(సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తొలకరి దగ్గరపడుతోంది. విత్తనాలకూ ఎరువులకూ తిరిగే ఈ రోజుల్లోనే పశువుల గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి. గొంతువాపు, జబ్బవాపు, గొర్రెల్లో చిటుకరోగం మనకు ఏటా ఎదురయ్యేవే. దొమ్మరోగం వాటికంటే అరుదు. కానీ అది పశువుతో ఆగదు, మనిషికీ వస్తుంది. డాక్టర్లు ఆంత్రాక్స్ అనేది దీన్నే. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు దీంతో చనిపోయాయి. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం కోసినవాళ్లకు, తిన్నవాళ్లకు పుండ్లు లేచి ఆస్పత్రి పాలైన సంఘటనలున్నాయి.

ఈ రోగానికి కారణం బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బాక్టీరియా. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఒక రంగు పరీక్ష కనిపెట్టాడు. అందులో ఊదారంగు నిలుపుకునే వాటిని గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా అంటారు. దొమ్మ, జబ్బవాపు, చిటుకరోగం, ధనుర్వాతం కలిగించేవన్నీ ఈ కోవలోవే. వీటికి ఇంకో పోలిక కూడా ఉంది. బతకడం కష్టమైనప్పుడు ఇవి గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజాలుగా మారతాయి. దొమ్మ సిద్ధబీజాలు దశాబ్దాల తరబడి మట్టిలో చావకుండా ఉంటాయి. 1942లో బ్రిటన్ సైన్యం స్కాట్లాండ్ దగ్గర గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో దొమ్మ బాంబులను గొర్రెల మీద పరీక్షించింది. ఆ నేలను శుద్ధి చేసి ప్రమాదం లేదని ప్రకటించేసరికి 1990 వచ్చింది. ఒక పశువును తప్పుగా పారేస్తే మన బీడుకు పట్టే గతీ అదే.

ఎండాకాలం మేత తరిగి పశువులు గడ్డిని మొదళ్ల దాకా కొరుకుతాయి, మట్టి నోట్లోకి పోతుంది. తొలి వానలకు లోపలున్న సిద్ధబీజాలు పైకి తేలి పల్లంలో చేరతాయి. అందుకే ఒకసారి వచ్చిన ఊళ్లోనే ఈ రోగం మళ్లీ మళ్లీ వస్తుంది.

గుర్తుపట్టడం ఎలా? నిన్న సాయంత్రం దాకా మేసిన పశువు తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. కడుపు త్వరగా ఉబ్బుతుంది. ముక్కు, నోరు, పేడ ద్వారం నుంచి నల్లటి, గడ్డకట్టని రక్తం కారుతుంది. కట్టె పూర్తిగా బిగుసుకోదు. వీటిలో ఏది కనిపించినా కత్తి పెట్టకూడదు.

ఎందుకు పెట్టకూడదో అర్థం చేసుకుందాం. కళేబరం మూసి ఉంటే లోపల గాలి ఆడదు. కుళ్లేకొద్దీ ఈ బాక్టీరియా కొద్ది రోజుల్లో చాలావరకు చచ్చిపోతుంది. కోసి గాలి తగలనిస్తే అది సిద్ధబీజాలుగా మారి నేలలో దిగబడుతుంది. అంటే వచ్చే ఏళ్ల రోగానికి మన చేత్తో మనమే విత్తనం వేసినట్టే. చర్మం ఒలవకూడదు, కుక్కలను దగ్గరికి రానివ్వకూడదు. ఆరడుగుల గోతిలో పూడ్చాలి, లేదా పూర్తిగా కాల్చాలి. రక్తం పడిన మట్టినీ గడ్డినీ గోతిలోనే వేయాలి. పైపైన సున్నం చల్లి వదిలేస్తే చాలదు. మోసినవాళ్ల చేతి మీద నొప్పిలేని పుండు లేచి నడిమి నల్లబడితే వెంటనే ఆస్పత్రికి పోవాలి, పశువు సంగతి డాక్టరుకు చెప్పాలి. తొందరగా మందు పడితే నయమవుతుంది.

ఇదంతా చెప్పడం సులువే. అరకాసు గొర్రె చచ్చినా విలవిల్లాడే కుటుంబానికి మాంసం అమ్ముకుంటే వచ్చే నాలుగు డబ్బులే చివరి ఆసరా. తక్కువకు వస్తుందని కొనుక్కునేవాళ్లూ పేదలే. వాళ్లను తిట్టి లాభం లేదు. ఊరంతటి క్షేమం కోసం రైతు తన పశువును ముట్టకుండా పూడ్చిపెడితే, ఆ నష్టంలో ప్రభుత్వం పాలు పంచుకోవాలి. బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను చంపినప్పుడు పరిహారం ఇస్తున్నారు కదా!

బీమాలో ఇంకో చిక్కు ఉంది. క్లెయిముకు పోస్టుమార్టం కాగితం అడుగుతారు. దొమ్మ అనుమానం ఉన్న పశువుకు పోస్టుమార్టం చేయకూడదు. చెవి నరం నుంచి డాక్టరు ఒక్క చుక్క రక్తం గాజుపలక మీద తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే రోగం తేలుతుంది. ఆ నివేదికనే రుజువుగా తీసుకోవాలి.

టీకా కొత్తదేమీ కాదు. 1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ జనం ముందు గొర్రెలకు టీకా వేసి దాని బలం చూపించాడు. నేడు వాడేది 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన రకం. రోగం వచ్చిన ప్రాంతాల్లో ఏడాదికొకసారి, వానలకు ముందే వేయించాలి. రక్షణ కుదరడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇది బతికున్న టీకా కాబట్టి వేసే ముందూ తర్వాతా కొన్నాళ్లు యాంటీబయాటిక్స్ వాడకూడదు.

2009 నాటి అంటువ్యాధుల చట్టం ప్రకారం ఈ రోగం అనుమానాన్ని పంచాయతీకో గ్రామాధికారికో తెలపడం యజమాని బాధ్యత. 1962కు ఫోన్ చేయవచ్చు. మన బాధ్యత మనం చేద్దాం. దాంతోపాటు ప్రతి మండలంలో ఈ కోర్కెలు పెడదాం:

1. రోగం వచ్చిన ఊళ్ల జాబితా తీసి, తొలకరికి ముందే టీకాలు వేయాలి.
2. దొమ్మతో చనిపోయిన ప్రతి పశువుకూ పరిహారం ఇవ్వాలి.
3. రక్త పరీక్ష నివేదికతోనే బీమా చెల్లించాలి.
4. గోతి తవ్వే ఖర్చు, యంత్రం పంచాయతీ భరించాలి.
5. పశువైద్యశాలల్లో ఖాళీలు నింపాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ విషయం తప్పక చర్చించండి. పాత గోతులు ఎక్కడున్నాయో పెద్దల్ని అడిగి రాసుకోండి. ఆ పక్కన మేపవద్దని కాపరులకు చెప్పండి.