డిసెంబరు 25న ఎవరికి ఏమని చెప్పాలి?

(ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక విద్యార్థి సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



నన్ను పిలిచిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్‌లో విషయం చెప్పినప్పుడు మొదట నవ్వొచ్చింది. డిసెంబరు 25కి మీ స్టడీ సర్కిల్ తరఫున ఒక పోస్టర్ వెయ్యాలనుకున్నారట. దాని మీద ఏమని రాయాలో తేలక వారం రోజులు ఆగిపోయారట. ఒకరు ‘మెర్రీ క్రిస్మస్’ అన్నారు. ఇంకొకరు, మనలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు, ఏ మతమూ లేనివాళ్లూ ఉన్నారు, కాబట్టి ‘హ్యాపీ హాలిడేస్’ అనో ‘సీజన్స్ గ్రీటింగ్స్’ అనో వేద్దాం అన్నారు. మూడోవాళ్లు, ఆ రోజు మనకి మనుస్మృతి దహన దినం, పండుగలతో మనకేం పని అన్నారు. ఆలోచిస్తూ పోతే నవ్వు ఆగిపోయింది. ఈ మూడు మాటల వెనకా మన ఇళ్లలో తరాలుగా నడుస్తున్న కథ ఉంది.

పలకరింపు చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకండి. ‘బాంచన్ దొరా, నీ కాల్మొక్తా’ అన్నది కూడా ఒకప్పుడు పలకరింపే. మహారాష్ట్రలో మహర్లు పై కులాలవాళ్లకి ‘జోహార్’ అనాలి, అది వాళ్ల కులానికి కేటాయించిన మాట. ఎవరు ముందు నోరు తెరవాలి, ఎంత వంగాలి, ఏ మాట వాడాలి అన్నీ కులమే నిర్ణయించింది. అందుకే ‘జై భీమ్’ పుట్టింది. నాగపూర్ దగ్గర కాంప్టీకి చెందిన బాబు ఎల్.ఎన్. హరదాస్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. కాంప్టీ ఎక్కడుందో తెలుసా? మన హౌరా-నాగపూర్ లైను మీదే. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే స్టేషనే. మన ప్లాట్‌ఫారం మీంచి పోయే బండి ఆ ఊరి మీదుగా పోతుంది.

నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరాడు. కటక్ నుంచి విజయనగరం దాకా తూర్పు తీరం లైను 1902లో బీఎన్ఆర్ చేతికొచ్చింది. ఆ లైను పట్టుకునే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల నుంచి మనవాళ్లు వర్క్‌షాపు పనికి, పట్టాల పనికి, పారిశుధ్య పనికి వచ్చారు. వాళ్లలో మాల, మాదిగ, రెల్లి కుటుంబాలున్నాయి. 1927లో ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. అప్పటి యూనియన్ నాయకుడు వి.వి. గిరి, తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. ఆ ఏడాదే డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టించాడు. సమ్మె చరిత్ర యూనియన్ ఆఫీసులో చెబుతారు, మహద్ చరిత్ర అంబేద్కర్ భవనాల్లో చెబుతారు. రెండూ ఒకే ఏడాదివని నాకు ముప్పై ఏళ్లొచ్చాక గానీ తెలియలేదు.

ఇప్పుడు ‘హ్యాపీ హాలిడేస్’ దగ్గరికి వద్దాం. ఆ మాట మీద పెద్ద గొడవ అమెరికాలో జరిగింది. అక్కడ క్రైస్తవం మెజారిటీ మతం. దుకాణంలో, బడిలో, ఆఫీసులో అందరికీ ‘మెర్రీ క్రిస్మస్’ చెబుతుంటే, యూదులకి హనుకా ఉంది కదా, నల్లజాతివాళ్లకి క్వాంజా ఉంది కదా, అందరినీ కలుపుకునే మాట వాడదాం అన్నారు. క్వాంజా గురించి మీరు చదవాలి. 1966లో మౌలానా కరెంగా మొదలుపెట్టాడు. యజమానుల పండుగ పక్కనే తమ సొంత పండుగ ఒకటి ఉండాలని నల్లజాతివాళ్లు డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా చేసుకుంటారు. అంటే అక్కడ ‘హాలిడేస్’ అన్న మాట పెద్ద మతాన్ని కాస్త జరిపి, చిన్నవాళ్లకి కూర్చోడానికి చోటిచ్చింది. ఆ మాట అక్కడ న్యాయం.

అదే మాటని తెచ్చి ఇక్కడ పెడితే ఏమవుతుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో క్రైస్తవులు 2.3 శాతం. ఇక్కడ పండుగ చిన్నవాళ్లది. పేరు తీసేస్తే జరిగేది చిన్నవాడే.

ఇంకో మాట అడుగుతాను. మీ గ్రూపులో జనవరిలో ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అని పెట్టినప్పుడు ఎవరైనా వారం రోజులు చర్చించారా? ‘సీజన్స్ గ్రీటింగ్స్’ అందామని ఒక్కరైనా అన్నారా? అనరు. అది రైతుల పండుగ, తెలుగు సంస్కృతి, పెద్ద పండుగ. ఐఐటీలో దీపావళికి హాస్టళ్ల ముందు వేల దీపాలతో ‘ఇల్యుమినేషన్’ చేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, నేనూ వెళ్లి చూశాను. దాన్ని మతమని ఎవరూ అనరు, క్యాంపస్ సంప్రదాయం అంటారు. ఒకరి పండుగ సంస్కృతి అవుతుంది, ఇంకొకరి పండుగ మతం అవుతుంది. ‘అందరినీ కలుపుకోవడం’ అన్న ఆలోచన మనకి సరిగ్గా డిసెంబరులోనే గుర్తొస్తుంది. పోస్టర్ వేసేవాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. అలవాటు అలా ఉంది.

ఆ అలవాటుకి పైనుంచి సాయం కూడా ఉంది. 2014 నుంచి డిసెంబరు 25ని ప్రభుత్వం సుపరిపాలన దినంగా జరుపుతోంది. అదే ఏడాది నుంచి ఆ రోజున తులసి పూజ చెయ్యాలని ఇంకొందరు పిలుపిస్తున్నారు. ఒకే రోజు మీద ఇంతమంది ఎందుకు పడ్డారో మీరే ఆలోచించుకోండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మా వీధిలో ఒకాయన ఉండేవారు, నేను పెదనాన్న అని పిలిచేదాన్ని. ఆఫీసు కాగితాల్లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. డిసెంబరు మొదటి వారంలో అందరూ గుమ్మం ముందు కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెడితే, ఆయన నక్షత్రం వంటింట్లో కట్టేవారు. పెద్దమ్మ అరిసెలు చేసేది, ఇక్కడి ఈత బెల్లంతో, బెంగాలీలు ‘నోలెన్ గుడ్’ అంటారే, దానితో. వీధంతా పంచేది. ఎవరైనా ఏం పండుగ అని అడిగితే ‘ఊరికే చేశాను’ అనేది. నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. పిల్లల సర్టిఫికెట్ల విచారణ జరుగుతోందని, గుమ్మం ముందు నక్షత్రం కనపడకూడదని తర్వాత తెలిసింది.

ఎందుకు భయం? 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్లని షెడ్యూల్డ్ కులంగా పరిగణించరు అని. 1956లో సిక్కులని చేర్చారు, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. కులం మాత్రం చర్చి గుమ్మం దగ్గర ఆగదు. పెళ్లి సంబంధాల్లో ఉంటుంది, ఊరి బావి దగ్గర ఉంటుంది, శ్మశానంలో కూడా ఉంటుంది. కాగితం మీద మాత్రం నీకు కులం లేదంటారు.

ఆ నక్షత్రం నిజంగా సాక్ష్యమవుతుందా అని మీకు అనుమానం రావచ్చు. తమిళనాడులో ఒక దళిత డాక్టరు క్రైస్తవుణ్ని పెళ్లి చేసుకుంది. ఆవిడ క్లినిక్ గోడ మీద సిలువ ఉందని ఎస్సీ సర్టిఫికెట్ రద్దు చేశారు. 2021లో మద్రాస్ హైకోర్టు ఆ రద్దుని కొట్టేసింది, అధికారుల సంకుచిత బుద్ధిని తప్పుపట్టింది. సంతోషం. 2024లో సుప్రీంకోర్టు ఇంకోలా తీర్పిచ్చింది. పుదుచ్చేరికి చెందిన ఒక అమ్మాయి ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. ఆమె బాప్తిస్మం రికార్డు చూశారు, క్రమం తప్పకుండా చర్చికి వెళుతోందన్నారు, రిజర్వేషన్ కోసమే హిందువునంటోంది, ఇది రాజ్యాంగాన్ని మోసం చెయ్యడం అన్నారు. తీర్పు తేదీ నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టిన పాస్టర్‌కి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వర్తించదంది. తిట్టినవాళ్లకి ఆయన కులం ఏమిటో తెలుసు. చట్టానికే తెలియదు.

మన ఊరివాళ్లకి ఇంకో ముడి కూడా ఉంది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వేరే రాష్ట్రానికి వలసపోతే వెంట రాదంది. ఆ కేసు వేసింది కూడా మన తెలుగు విద్యార్థే, ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబం. అంటే ఖరగ్‌పూర్‌లో మూడు తరాలుగా ఉంటున్న మాల క్రైస్తవుడు రెండు సార్లు గీత దాటాడు. రాష్ట్రం గీత ఒకటి, మతం గీత ఒకటి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష గుర్తింపు ఇచ్చినప్పుడు మనం స్వీట్లు పంచుకున్నాం. భాషకి గుర్తింపు వచ్చింది. ఆ భాషలో ప్రార్థన చేసుకునేవాడి కష్టం అలాగే ఉంది.

ఆంధ్రా, తెలంగాణాల్లో ‘సెమీ క్రిస్మస్’ అని ఒకటుంది, మీలో అక్కడినుంచి వచ్చినవాళ్లకి తెలుసు. డిసెంబరు మొదలైతే ఆఫీసుల్లో, కాలేజీల్లో, పార్టీ కార్యాలయాల్లో కేకులు కోస్తారు. నాయకులు శాంటా టోపీ పెట్టుకుని ఫోటోలు దిగుతారు. ప్రభుత్వమే విందు పెడుతుంది, తెలంగాణలో పేద క్రైస్తవులకి బట్టలు కూడా పంచారు. శుభాకాంక్షలకి ఏ లోటూ లేదు. మరి మూడో పేరా సంగతి? 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. అంతకు ముందు 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకి మతంతో ముడి తెంచమంది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌తో ఇంకో కమిషన్ వేశారు. కేకు మాత్రం ఏటా టైముకి వస్తుంది.

ఇప్పుడు మూడో జట్టుకి, అంటే మనుస్మృతి దహన దినం అన్నవాళ్లకి ఒక మాట. ఆ రోజు నాకూ ముఖ్యం. ఆ రోజే 1968లో తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి కాల్చేశారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. ఆ తారీఖు వస్తే నాకు కేకు రుచి సగమే తెలుస్తుంది. కానీ బౌద్ధం తీసుకున్న మిత్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట బౌద్ధంలోకి నడిచిన లక్షలమంది మీద కూడా ఇదే మూడో పేరా పడింది. ఆ పేరాలో ‘బౌద్ధ’ అన్న మాట చేరడానికి 34 ఏళ్లు పట్టింది. మతం మారినందుకు హక్కు పోగొట్టుకోవడం ఏమిటో మీ ఇళ్లలో పెద్దవాళ్లకి తెలుసు. క్రైస్తవ మాలపల్లె, మాదిగపల్లె ఆ వరసలోనే ఇంకా నిలబడి ఉంది.

చర్చిలో కులం లేదా అని అడుగుతారు. ఉంది. బాబాసాహెబ్ క్రైస్తవం మీద రాసినవి చదివితే ఆయన మొహమాటపడలేదని తెలుస్తుంది. మతం మార్చుకున్న అంటరానివాడి గురించి మిషనరీలు ఏం పట్టించుకున్నారని నిలదీశాడు. మనమూ నిలదీద్దాం. అయితే ఆ ప్రశ్న అడిగే హక్కు, పండుగ రోజు వాళ్లింటికి వెళ్లి కూర్చున్నవాడికి ఎక్కువ ఉంటుందని నా ఉద్దేశం.

1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన చెప్పింది కూడా మన కాలనీకి పనికొచ్చేదే. అంటరానివాడు గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతాడు, పోర్టర్ కూడా కాలేడు, ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంట్లో కూడా పని చెయ్యాలి, ఇంట్లోకి వీణ్ని రానివ్వరు. రైల్వే కొలువులో ఎవరు ఏ గుమ్మం దాటొచ్చో కులం చూసి నిర్ణయించారు. మా పెదనాన్న గుమ్మం మీద లేని నక్షత్రం కూడా ఆ లెక్కలోదే.

తటస్థమైన మాటలన్నీ చెడ్డవని నేననను. మన ఊళ్లో బెంగాలీవాళ్లు క్రిస్మస్‌ని ‘బొడోదిన్’ అంటారు, పెద్ద రోజు అని. అందులో ఏసు పేరు లేదు. అయినా ఆ మాటతో ఎవరికీ నొప్పి కలగలేదు. ఎందుకంటే ‘బొడోదిన్’ అన్న పక్కింటి కాకీమా కేకు కొని తెస్తుంది, మన ఇంటి అరిసె తింటుంది, జనవరిలో తన ఇంటి పీఠే పంపిస్తుంది. ఆ మాట పక్కిళ్ల మధ్య వాడుకలో నలిగింది. ఎవరినీ దాచడానికి కమిటీ వేసి కనిపెట్టింది కాదు.

అందుకని పోస్టర్ గురించి నా సలహా ఇది. మూడూ రాయండి, పేర్లతో. క్రిస్మస్ శుభాకాంక్షలు అని రాయండి, మనుస్మృతి దహన దినం అని రాయండి, కీళ్‌వెణ్మణి 44 మంది అని రాయండి. కింద మూడో పేరా పూర్తి పాఠం తెలుగులో, బెంగాలీలో అచ్చు వెయ్యండి, చాలామంది దాన్ని ఎప్పుడూ చదవలేదు. స్థలం చాలకపోతే బొమ్మలు తీసెయ్యండి. జనవరి 3న సావిత్రీబాయి ఫూలే జయంతికి కూడా అదే సైజు పోస్టర్ ఉండాలి. సంక్రాంతికి వెయ్యాలా వద్దా అన్నది మీరు మళ్లీ వారం రోజులు కొట్టుకోండి, ఈసారి నన్ను ముందే పిలవండి.

తెలుగు చర్చిలో సాయంత్రం ఆరాధన ఉంది. రమ్మన్నారు, ఎవరైనా రావచ్చు. ఏడింటికి నేను గేటు దగ్గర ఉంటాను.

జై భీమ్.