పిడికెడు బియ్యం, మొత్తం జీవితం



సమర్పణ అన్న మాట మన కూడికల్లో వినబడని వారం లేదు. ఉజ్జీవ సభలో చేతులెత్తుతాం, కన్నీళ్లతో మోకరిస్తాం. ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. నేను మాట్లాడదలచింది ఆ మర్నాటి సంగతి. సోమవారం దుకాణం తెరిచేటప్పుడు, పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల మధ్య మాట పెరిగినప్పుడు, పిల్లకు సంబంధం చూసేటప్పుడు మన ప్రభువు ఎవరు?

ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన ఒకరిని తలచుకుందాం. బిషప్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళులు. వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగి, సువార్త అందని చోట్లకు వెళ్లమని యువకులను పురికొల్పారు. చివరికి ఆ పిలుపు ఆయన్నే నిలదీసింది. పొమ్మని చెప్పేవాడు తాను పోకుండా ఎలా ఉంటాడు? ఉన్న ఉద్యోగం వదిలి 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912లో కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు. ఏమీ లేనివారిని ఇమ్మని అడగవచ్చా? ఆయన అడిగారు. అన్నం వండే ముందు ఆ ఇళ్ల ఆడవాళ్లు పిడికెడు బియ్యం పక్కకు తీసి గుడికి తెచ్చేవారు. ఆ కానుకలో నాకు కనిపించే గొప్పతనం బియ్యం కొలతలో లేదు. ఆకలి తెలిసిన ఇల్లు రోజూ పొయ్యి దగ్గర దేవుణ్ణి తలచుకోవడంలో ఉంది. అజరయ్యగారు బాప్తిస్మం పొందేవారి చేత తమ తలపైనే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని పలికించేవారు. పాదిరీ పని అని తప్పించుకునే వీలు ఎవరికీ ఉండేది కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సమర్పణంటే ఆస్తి రాసి బోధకుడి చేతిలో పెట్టడం కాదు. అపొస్తలుల కార్యాల్లోని అననీయ సంగతి చూడండి: పొలం అమ్మక ముందు అది అతనిదే, అమ్మాక ఆ సొమ్మూ అతని వశంలోనే ఉందని పేతురే చెప్పాడు. కొంత దాచుకొని అంతా ఇచ్చినట్టు నటించడమే అతని పాపం.

మనం దాచుకున్నది ఏమిటి? నా తీర్పు ఇది: కులం, కట్నం. మాల, మాదిగ విశ్వాసులు ఒకే రొట్టె, ఒకే పాత్ర పంచుకోవాలని అజరయ్యగారు పట్టుబట్టారు. 1945లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పని పూర్తికాలేదు, ఈ రోజుకీ కాలేదు. ఆదివారం ఒకే బల్ల దగ్గర నిలబడినవాళ్లం పెళ్లి మాటల్లో మాత్రం ముందు కులం అడుగుతాం, తర్వాత కట్నం బేరమాడతాం. ఇంత దాచుకొని, సర్వం నీదే ప్రభువా అని ఎలా పాడగలం?

తల్లిదండ్రులారా, ఈ ఏడు మీ ఇంట పెళ్లి మాటలు జరిగితే ఆ రెండు ప్రశ్నలూ అడగకండి. అడిగినవారికి జవాబు ఇవ్వకండి.