ప్రక్కన నడుచు నేస్తము



చూపులేనివారిని నడిపించు కుక్కలను గూర్చి ఈ వేళ కొంచెము తలంచుకొందము. 1928లో మోరిస్ ఫ్రాంక్ అను అంధ యువకుడు స్విట్జర్లాండులో శిక్షణ పొంది, బడ్డీ అను కుక్కతో అమెరికాకు తిరిగి వచ్చి, న్యూయార్కులో వాహనములు క్రిక్కిరిసిన వీధిని దాటెను. 1929లో నాష్‌విల్ పట్టణమున 'ది సీయింగ్ ఐ' అను శిక్షణాలయము ఆరంభమాయెను.

ఈ కుక్క యజమానుని ఈడ్చుకొని పోదు. ఎక్కడికి పోవలెనో నిర్ణయించువాడు అతడే. మెట్టు వచ్చినచో అది ఆగును. అడ్డు వచ్చినచో తప్పించును. ముందుకు పొమ్మన్నను, బండి వచ్చుచుండిన యెడల కదలదు. ఆ మాట విననితనమే దాని నమ్మకత్వము.

కొన్ని వారముల కూనను ఇంట పెట్టుకొని, సంవత్సరమునకు పైగా పెంచి, మమత పెరిగిన పిమ్మట శిక్షణకు అప్పగించు కుటుంబములున్నవి. అదియు దేవునికి అర్పించిన కానుకయే. పనిమీదనున్న కుక్కను మనము పిలువరాదు, నిమురరాదు, తిండి పెట్టరాదు.

ప్రియులారా, మన సంఘములోని అంధ సహోదరుని చెయ్యి పట్టి లాగుటకంటె, "అన్నా, ఎక్కడికి పోవలెను?" అని ముందు అడుగుదము. మోచేయి అందించి ప్రక్కన నడుతము. చూపులేనివారి త్రోవలో ఆటంకము పెట్టరాదని మోషే ధర్మశాస్త్రము నేర్పుచున్నది. ఉన్న ఆటంకమును తీసివేయుట క్రీస్తు ప్రేమ. ఆమేన్.