పేరు గొప్పా? ఊరు గొప్పా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేడు నాకు నిర్ణయింపబడిన విషయము "ఊరిపేరు". ఇది వినోదమున కేర్పఱచిన విషయము కాదని మీ రెఱుగుదురు. మన యూరిపేరు చివర "పాడు" అని యుండుటచేత సంబంధములు మాటలాడునప్పుడును, ఉద్యోగములకై పట్టణములకు పోయినప్పుడును నలుగురు నవ్వుచున్నారనియు, "పురము" అనియో "నగరము" అనియో మార్చినచో ఊరు వృద్ధికి వచ్చుననియు మన యువకులు కొందఱు తలంచుచున్నారు. అర్జీ కూడ సిద్ధమగుచున్నదని విన్నాను. ఊరిమీద ప్రేమ లేనివాడు ఊరిపేరునుగూర్చి చింతింపడు. కావున వారి యభిమానము మెచ్చదగినదే. అయినను వ్రాలు చేయుటకు ముందు కొన్ని సంగతులు విచారింపవలయును.

మొదట మాట సంగతి. శిథిలమను నర్థముగల "పాడు" వేఱు, ఊరిపేళ్ల చివర వచ్చు "పాడు" వేఱు. ఈ రెండవది నివాసస్థలమును దెలుపు ప్రాచీనమైన మాట. గుంటూరు సీమలో ప్రత్తిపాడు కలదు. ఆ పేరు విని ప్రత్తి పాడగునని భయపడి విత్తు మానిన రైతు లేడు.

ఇక పేరువలన భాగ్యము కలుగునా? 1327వ సంవత్సరమున మహమ్మదు బిన్ తుగ్లకు దేవగిరికి దౌలతాబాదని పేరు పెట్టి రాజధాని చేసెను. "దౌలత్" అనగా ఐశ్వర్యము. అంతకంటె శుభమైన పేరు దొరకదు. ఢిల్లీ ప్రజలను పెక్కుమందిని అక్కడికి నడిపించెను. కొన్ని యేండ్లకే మరల వెనుకకు పంపవలసి వచ్చెను. నేడు ఛత్రపతి శంభాజీనగరమని పిలువబడు ఔరంగాబాదునకు చేరువను, కోటక్రింద నొక చిన్న యూరుగా దౌలతాబాదు నిలిచియున్నది. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని మన పెద్ద లూరక యనలేదు.

దీనికి ఎదురుగా మచిలీపట్టణమును చూడుడు. పేరులో నున్నది చేప. అయినను 17వ శతాబ్దమున అది గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. డచ్చివారు వచ్చిరి, 1611లో ఇంగ్లీషువారు వచ్చి వర్తకస్థానము నెలకొల్పిరి. వారికి కావలసినది మన నేతగాండ్ర బట్టలు, అద్దకపువారి కలంకారీలు. పేరు నడిగినవాడు లేడు. తరువాత ఆ రేవు క్షీణించుటకును పేరు కారణము కాదు. సముద్రము మెరకవేయుటచే ఓడలు దూరముననే నిలువవలసి వచ్చెను. వర్తకము చెన్నపట్టణమునకు తరలెను. 1864 నవంబరు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. ఊరికి పేరదియే, దశలు మాత్రము రెండు.

బెజవాడ సంగతియు నిట్టిదే. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియగుటయు, పిదప నలుదిక్కుల రైలుమార్గము లచట కలియుటయు దానిని మహాపట్టణముగా జేసినవి. రైలు స్టేషను పలకపై "బెజవాడ" అని యున్న దినములలోనే ఈ వృద్ధి యారంభమైనది. "విజయవాడ" యను పేరు పిమ్మటనే స్థిరపడినది. నీళ్లు ముందు, పేరు వెనుక.

అట్లని పేరునకు విలువయే లేదని నే ననను. 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు దానము చేయగా, వినోబాభావేగారి భూదానోద్యమ మచట పుట్టినది. నాటినుండి అది భూదాన పోచంపల్లి యైనది. ఆ యూరి నేతగాండ్రు నేసిన చీరలకు ఆ పేరే గుర్తైనది. 2003లో అమలులోనికి వచ్చిన భౌగోళిక సూచికల చట్టముక్రింద ఆ పేరునకు రక్షణయు లభించినది. ఇతరులు తమ సరుకునకు ఆ పేరు పెట్టి యమ్మరాదు. చూచితిరా! పేరు ఆస్తి యైనది. కాని ఆ యాస్తిని సంపాదించినది మొదట దాత చేయి, తరువాత నేతగాని చేయి. మన యూరిపేరును ఎవరైన దొంగిలింపదలచునంతటి పని మనము చేసినామా యని మనల మనము ప్రశ్నించుకొనవలయును.

బమ్మెర యనగానే పోతన, కూచిపూడి యనగానే నాట్యము స్ఫురించుచున్నవి. వేటపాలెమను పేరులో చదువు వాసన లేదు. కాని 1918లో స్థాపితమైన సారస్వత నికేతనము మూలమున ఆ పేరు పండితుల నోట నిలిచినది. ఆ గ్రంథాలయ భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. గ్రంథాలయము ఊరికి పేరు తేగలదనుటకు మనకు వేఱు సాక్ష్యమేల?

మార్చదగిన పేళ్లు లేకపోలేదు. ఒక కులమును కించపఱచు పేరైనచో దానిని మార్చుటయే ధర్మము. మహారాష్ట్ర ప్రభుత్వము 2020లో వాడల కులపు పేళ్లను మార్చ నిర్ణయించినది. మన "పాడు" ఎవరిని కించపఱచినది?

లెక్కలు వ్రాయువాడను గనుక మఱియొక మాట. గ్రామనామము మార్చవలెనన్న రాష్ట్రప్రభుత్వ నిర్ణయము చాలదు; కేంద్ర హోంశాఖ సమ్మతి కావలయును. వారు రైల్వేవారిని, తపాలావారిని, సర్వే శాఖవారిని విచారింతురు. పిదప అడంగలునుండి పాసుపుస్తకమువఱకు, బడి సర్టిఫికెట్టునుండి ఆధారుకార్డువఱకు సరిచేయవలసినదే. తాతలనాటి దస్తావేజులోని ఊరును, నేటి ఊరును ఒక్కటేయని నిరూపించుకొనుటకు పేదరైతు ఎన్ని మెట్లెక్కవలయునో ఆలోచింపుడు.

కావున యువకులకు నా మనవి. ఆ యర్జీని ఒక యేడు నిలుపుడు. దానికై తిరుగు కాళ్లతో ఇంటింటికి తిరిగి, పెట్టెలలో చెదలు పట్టుచున్న పాతపుస్తకములను, తాళపత్రములను మన గ్రంథాలయమునకు చేర్పుడు. చదువుకొను పిల్లలకు రాత్రివేళ దీపముతో నొక గది తెఱచి యుంచుడు. ఏడాది పిమ్మట, "పాడు" అని యెవరైన నవ్వినచో, "మా పాడులోని పుస్తకములు చూడ రండు" అని పిలువుడు. అప్పటికిని పేరు మార్చవలెనని తోచినచో, అర్జీని నేనే వ్రాసి యిత్తును.