బీడీకి ఉన్న చట్టం దీనికి చాలదా?



ఈ రోజు ఈ-సిగరెట్ గురించి మాట్లాడుకుందాం. దీన్ని వేప్ అని కూడా అంటారు. చాలా రకాలు చూడ్డానికి పెన్నులా ఉంటాయి. లోపల చిన్న బ్యాటరీ, ఒక తీగ, కొంచెం ద్రవం ఉంటాయి. నోట్లో పెట్టుకుని పీలిస్తే తీగ వేడెక్కుతుంది. ద్రవం ఆవిరి అవుతుంది. నిప్పు లేదు, బూడిద లేదు. మామిడిపండు వాసనో, పుదీనా వాసనో వస్తుంది. పక్కనున్న అమ్మకు కూడా అనుమానం రాదు.

మరి హాని లేదా? ఉన్నది. ఆ ద్రవంలో సాధారణంగా నికోటిన్ ఉంటుంది. పొగాకులో ఉండేదీ అదే. మనిషిని అలవాటుకు కట్టిపడేసేదీ అదే. ఎదిగే పిల్లల మెదడుకు అది చెరుపు చేస్తుంది.

మన దేశంలో 2019లో దీన్ని నిషేధించారు. తయారు చేయకూడదు, అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

కొందరు అడుగుతారు: "బీడీలు, సిగరెట్లు బజారులో అమ్ముతున్నారు కదా! దీన్నే ఎందుకు ఆపాలి? పొగాకు నియమాలే దీనికీ పెడితే చాలదా?"

న్యాయమైన ప్రశ్నే. బీడీ పొగలో ఉన్నన్ని విషాలు ఈ ఆవిరిలో ఉండవు. బ్రిటన్‌లో దీన్ని పెద్దవాళ్ళకు అమ్ముతారు. సిగరెట్టు మానడానికి వాడవచ్చని అక్కడి వైద్యులు చెబుతారు. 18 ఏళ్ళ లోపు వారికి అమ్మరాదు. అయినా పిల్లల చేతుల్లోకి పోయింది. వాడి పారేసే రకం అమ్మకాన్ని 2025 జూన్‌లో అక్కడ ఆపేశారు.

మరి మన దగ్గరో? 2003 నాటి పొగాకు చట్టం ఏం చెబుతోంది? 18 ఏళ్ళ లోపు వారికి అమ్మరాదు. బడికి వంద గజాల లోపు, అంటే 300 అడుగుల లోపు, అమ్మరాదు. మీ ఊరి బడి దగ్గర నిలబడి చూడండి. బడ్డీ కొట్టు ఎంత దూరంలో ఉంది? బీడీ కట్ట తెమ్మని కొడుకునే పంపే తండ్రులు ఎందరు? పాత పశువునే ఆపలేని కంచె కొత్త పశువును ఆపుతుందా?

ఇంకో మాట. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో ఎందరో అక్కలు బీడీలు చుట్టి బతుకుతున్నారు. వేరే పని చూపకుండా బీడీని ఆపితే వాళ్ళ పొయ్యి వెలగదు. ఈ-సిగరెట్‌ను ఆపితే మన ఊళ్ళలో ఎవరి పొయ్యీ ఆరదు. అందుకే దీన్ని గుమ్మం బయటే ఆపడం మేలు.

అలాగని బీడీని వదిలేయమని కాదు. ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది పొగాకే. ఇప్పుడు మీకు చదవడం వచ్చింది. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక చదవండి. మానాలనుకునే వారికి 1800-11-2356 నంబరు ఉంది. ఫోనుకు డబ్బులు పడవు. పిల్లవాడి సంచిలో తీపి వాసన వచ్చే "పెన్ను" కనబడితే కొట్టకండి. కూర్చోబెట్టి మాట్లాడండి. ఎవరు అమ్మారో కనుక్కోండి.

ఒక తాడు తీసుకుని బడి నుంచి 300 అడుగులు కొలవండి. ఆ లోపల పొగాకు అమ్మే కొట్టు ఉంటే గ్రామసభలో అడగండి. ఉన్న చట్టం నడిచేది మనం అడిగినప్పుడే.