పత్తి పగిలే వేళ తెల్లదోమ: మందు ఎప్పుడు కొట్టాలో ఎవరు చెప్పాలి?



మొన్న గూడెం మీటింగులో మాట్లాడిన మాటల్నే, రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నా. ఉద్యమం పేజీలో పురుగుల ముచ్చట ఏంటి అని అనుకోవద్దు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో మన ఇండ్ల బాకీ ఎక్కడ పుడుతుందో లెక్క తీస్తే విత్తనం, యూరియా, పురుగుమందు, ఈ మూడు దగ్గరే ఎక్కువ తేలుతుంది. అందులో చివరి దెబ్బ దండారి రోజుల్లో పడుతుంది. చెట్టు మీద ఒకపక్క పూత ఉంటుంది, ఒకపక్క కాయ పగులుతుంటుంది. సరిగ్గా అప్పుడే ఆకు కింద తెల్లదోమ లేస్తుంది.

మనం దుకాణానికి ఉరుకుతాం. సేటు ఏమంటాడు? "పటేలా, దోమ బాగ ఉంది. గీ రెండు డబ్బాలు కలిపి కొట్టు, పైసలు పంట అమ్మినంక ఇద్దువు." చేను చూడలేదు, ఆకు తిప్పలేదు, కానీ మందు రాసిచ్చాడు. ఉద్దెర పుస్తకంలో ఇంకో గీత పడింది. ఈ గీతను ఎట్లా ఆపాలి అన్నదే నేను మాట్లాడేది.

ముందు శత్రువును తెలుసుకుందాం. తెల్లదోమ ఆకు అడుగున ఉంటుంది. చెట్టును కదిపితే పిండి చల్లినట్టు లేస్తుంది. గుడ్లు అక్కడే, పిల్లలు అక్కడే. పిల్లలు కదలకుండా ఆకుకు అంటుకొని రసం పీలుస్తాయి. తేనెలాంటి జిగట విడుస్తాయి. ఆ జిగట కింది ఆకుల మీద, పగిలిన పత్తి మీద పడుతుంది. దాని మీద నల్లటి మసి పెరుగుతుంది. అందుకే చివరి దశలో వచ్చే నష్టం వేరు. లేత చేనులో దోమ చెట్టును గుంజుతుంది. పత్తి పగిలే చేనులో దూదినే ఖరాబు చేస్తుంది. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. జిగట పట్టి నల్లబడ్డ పత్తికి ఆ ధర రాదు. కాంటా దగ్గర వాపసు పంపుతారు, లేకపోతే తరుగు తీస్తారు.

అయితే దోమ కనబడగానే మందు కొట్టాలా? కొట్టొద్దు. ముందు లెక్క పెట్టాలి.

పొద్దున 10 గంటల లోపు చేనులోకి పొండి. ఎండ ఎక్కితే దోమ ఎగురుతుంది, లెక్క తప్పుతుంది. చేను నాలుగు మూలలు, నడుమ కలిపి 20 చెట్లు చూడండి. ఒక్కో చెట్టుకు పైభాగంలో 3 ఆకులు మెల్లగా తిప్పి, అడుగున రెక్కల దోమలు ఎన్నున్నాయో రాసుకోండి. మొత్తాన్ని 60తో భాగించండి. ఆకుకు సగటున 6 దాటితేనే మందు సంగతి ఆలోచించాలి. 2 ఉన్నా, 3 ఉన్నా అది మందు కొట్టే లెక్క కాదు. ఈ పని పదో తరగతి చదివిన మన తమ్ముడు, చెల్లె అరగంటలో చేయగలరు. డిగ్రీ అక్కర్లేదు, నోటుబుక్కు, పెన్ను చాలు.

లెక్క 6 లోపు ఉంటే ఏం చేయాలి? పసుపు రంగు దోమను గుంజుతుంది. పాత నూనె డబ్బాలకు, రేకు ముక్కలకు పసుపు పెయింట్ వేసి, ఆముదమో గ్రీజో పూసి, ఎకరాకు 10 నుంచి 20 కట్టెలకు కట్టండి. చెట్టు కొనల ఎత్తులో ఉండాలి. వారానికోసారి తుడిచి మళ్లీ పూయాలి. యూరియా వెంటనే ఆపండి. చివర్లో యూరియా చల్లితే చెట్టుకు లేత ఆకు వస్తుంది, దోమకు విందు అవుతుంది. గట్ల మీద తుత్తురబెండ, వయ్యారిభామ ఉంటే పీకెయ్యండి. పక్కన ముదిరిపోయిన బెండ, వంకాయ చెట్లుంటే అవీ తీసెయ్యండి. దోమ వాటి మీద కూడా బతుకుతుంది.

లెక్క 6 దగ్గరికి వస్తుంటే వేప. ఎకరాకు 200 లీటర్ల నీళ్లనుకుంటే 10 కిలోల వేపపప్పు పొడి కావాలి. బట్టలో మూట కట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున బాగా పిండి, వడగట్టి, కొంచెం సబ్బుపొడి కలపాలి. సబ్బు లేకపోతే కషాయం ఆకుకు అంటదు. సాయంత్రం పూట, ఆకు అడుగున తడిసేటట్టు కొట్టాలి. పైన పైన కొడితే దోమకు తగలదు. వేపగింజ మన ఊర్లలోనే రాలుతుంది. ఎండాకాలంలో ఏరి ఎండబెట్టి పెట్టుకుంటే ఉద్దెర పుస్తకంలో కొన్ని గీతలు తగ్గినట్టే.

ఇక దుకాణం మందుల సంగతి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి తెల్లదోమకు కొట్టొద్దు. అవి అక్షింతల పురుగును, సాలీడును, అల్లిక రెక్కల పురుగును చంపుతాయి. దోమను తినే ఆ మన దోస్తులు చచ్చిపోతే దోమకు అడ్డు ఉండదు. వారం పది రోజుల్లో రెట్టింపు లేస్తుంది. మనమేమో మందు పని చేయలేదని ఇంకో డబ్బా తెస్తాం. 2015లో పంజాబ్ పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. అక్కడ మందు కొట్టనివాళ్లు తక్కువ. కొట్టీ కొట్టీ పంట పోగొట్టుకున్నారు.

పైరిప్రాక్సిఫెన్, స్పైరోమెసిఫెన్ లాంటివి గుడ్ల మీద, పిల్లల మీద పని చేస్తాయి. ఎగిరే దోమ వెంటనే రాలదు. ఇది తెలియక మూడో రోజే రెండో మందు కొడుతున్నారు. నేను అడిగేది ఒక్కటే. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సుమారు 3 వారాలు. మన దగ్గర చలి ముదిరితే ఇంకా ఆలస్యం అవుతుంది. మీ చేనులో ఇంక ఒక్క ఏరుడే మిగిలి ఉంటే, ఆ మందు ఎవరి కోసం? పంట కోసమా, దుకాణం కోసమా? మిగిలిన కాయ ఎన్ని కిలోలు, మందు ఖర్చు, కూలి ఎంత, పక్కపక్కన రాసి చూడండి. చాలా చేన్లలో జవాబు ఆ కాగితం మీదే తేలిపోతుంది.

అలాంటప్పుడు చేయాల్సింది పత్తిని తొందరగా ఏరడం. మంచు ఆరినంక ఏరాలి, తడి పత్తికి తేమ పేరు చెప్పి ధర కోస్తారు. సీసీఐ తేమ లెక్క 8 శాతం, 12 దాటితే కొనదు. తెల్ల పత్తి ఒక సంచిలో, నల్లబడింది ఇంకో సంచిలో. రెండూ కలిపితే మొత్తానికి నల్ల ధరే కడతారు. చివరి ఏరుడు అయ్యాక ఇంకో కాపు కోసం చేను నిలబెట్టొద్దు. మేకలను, పశువులను తోలే ముందు ఈ మధ్య మందు పడిందో లేదో చూసుకోవాలి. మేపు అయ్యాక కట్టె పీకెయ్యాలి. నిలబడ్డ పత్తికట్టె తెల్లదోమకే కాదు, గులాబి పురుగుకూ ఇల్లు.

లెక్క 6 దాటింది, పంట ఇంకా చాలా ఉంది, వేప ఆగట్లేదు. అప్పుడు రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. ఒకే మందు, ఎంత మోతాదు అన్నది కాగితం మీద రాయించుకోండి. రెండు మూడు డబ్బాలు కలపొద్దు. దుకాణంలో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే నకిలీ మందు మీద ఫిర్యాదు నిలబడదు.

ఇంకో మాట, ఇది ప్రాణం మాట. 2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది, మందు మొహం మీదే పడింది. చివరి దశలో మన చేన్లూ అట్లాగే ఉంటాయి. ఎదురుగాలికి కొట్టొద్దు. నిండు చేతుల అంగీ, ముక్కుకు మూతికి గుడ్డ, చేతులకు తొడుగు లేకుండా పంపు ఎత్తొద్దు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అన్నిటికంటే ఘాటు విషం. మందు కొట్టిన చేనులో డబ్బా మీద రాసిన రోజులు గడిచేదాకా ఏరుడుకు పోవద్దు. పత్తి ఏరేది ఎక్కువగా మన అక్కలు, చెల్లెళ్లు, వాళ్ల చంకన పిల్లలు. ఎవరికైనా కళ్లు తిరిగినా, వాంతులైనా బట్టలు విప్పించి సబ్బుతో కడగండి, 108కు ఫోన్ చేయండి, మందు డబ్బా వెంట తీసుకుపొండి. డబ్బా చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది.

పట్టా లేని పోడు చేనుకు బ్యాంకు లోను రాదు. అందుకే సేటు దగ్గరికి పోతున్నాం, ఇది మన సోమరితనం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు అడుగుతూనే ఉంటాం. 1/70 చట్టం మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది, కానీ మన పంట పోకుండా ఆపదు. పంట బాకీ కింద కల్లంలోనే పోతుంటే భూమి పేరుకే మనది.

కాబట్టి ప్రతి గూడెంలో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ముందుకు రావాలి. దండారి నుంచి చివరి ఏరుడు దాకా వారానికోసారి పొద్దున్నే గూడెంలోని చేన్లు తిరిగి దోమ లెక్క పెట్టాలి. పటేల్ ఇంటి ముందు బోర్డు మీద చేను పేరు, అంకె రాయాలి. దుకాణానికి పోయే ముందు ప్రతి రైతూ ఆ బోర్డు చూడాలి. వచ్చే ఎండాకాలం వేపగింజ అందరం కలిసి ఏరాలి, ఒకచోట దాచాలి. విత్తనం వేసేటప్పుడు చేను చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న, నడుమ కంది వేయాలి. జొన్న దోమకు అడ్డం, ఇంట్లో గట్కకు ఆధారం.

ఈ ఆదివారం పొద్దున చేనుకు పోయి 20 చెట్లు చూసి, మీ అంకె కింద రాయండి. ఏ గూడెమో కూడా రాయండి. అంకెలు వచ్చాక మళ్లీ కూర్చొని మాట్లాడుకుందాం.

జై సేవా!