దూరపు దొంగ, దగ్గరి చేయి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసీ ముగియకముందే బ్యాంకు దొంగతనం మాట ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఆదాయ వ్యయాలు విన్నాము గదా, ఆ ఆదాయం దాచుకునే చోటును గురించి కూడా రెండు మాటలు చెప్పుకోవడం సమంజసమని మేము తలచాము. మన షోలాపూరు పూర్వభాగంలో మగ్గం కూలీ, బీడీ కూలీ కూడబెట్టి సహకార బ్యాంకులో వేసుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నవి.

2018 ఆగస్టు 11వ తేదీ, శనివారం. పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకుపై దాడి జరిగింది. దొంగలు గోడకు కన్నం వేయలేదు. ఈ కార్డుకు డబ్బు ఇవ్వవచ్చునా అని ఏటీఎం యంత్రం బ్యాంకును అడుగుతుంది. ఆ ప్రశ్న బ్యాంకు లెక్కల దాకా పోనీయకుండా, నడుమ తామే ‘ఇవ్వవచ్చు’నని బదులు చెప్పే ఏర్పాటు చేశారు. నకిలీ కార్డులతో 28 దేశాలలో కొద్ది గంటలలోనే సుమారు 78 కోట్ల రూపాయలు, మన దేశంలో రెండున్నర కోట్లు తీశారు. 13వ తేదీన మరి 13.92 కోట్లు హాంకాంగుకు దాటించారు. వెరసి 94.42 కోట్లు.

దీని వెనుక ఉన్నదెవరు? చౌకులో చాయ్ చల్లారేలోగా పది పేర్లు వినవస్తవి. ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన నివేదికలో దీనిని ఉత్తర కొరియా పనులలో ఒకటిగా చేర్చింది. ఆ దేశం ఇటువంటి ఆరోపణలను కాదంటూనే వచ్చింది.

పేరు పెట్టడంలో తొందర కూడదు. పరాయి ఊరి చద్దరుకు షోలాపూరు చీటీ కుట్టి అమ్మేవారిని మనమెరుగుదుము. చీటీ చూచి మోసపోయేవాడు కొనేవాడు. నేతగాడు తిరగేసి నూలు చూస్తాడు. 2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలో జరిగిన శీతకాలపు ఒలింపిక్సు కంప్యూటర్లపై దాడి చేసినవారు ఇట్టి చీటీయే కుట్టారు. ఉత్తర కొరియా పనిగా తోచే ఆనవాళ్లు వదిలారు. నిపుణులు అవి బూటకమని తేల్చారు. 2020లో అమెరికా ఆ నేరం రష్యా సైనిక గూఢచారులపై మోపింది.

ఇక మనకు దగ్గరి సంగతి. కాస్మోస్ కేసులో 2023లో పుణె న్యాయస్థానం 11 మందికి జైలు శిక్ష వేసింది. మన పొరుగున ఉన్న కొల్హాపూరులో కూడా ఏటీఎంల నుండి ఆ డబ్బు తీశారు. తెర వెనుక సూత్రధారి ఏ సముద్రాల కావల ఉన్నా, యంత్రం ముందు నిలబడి నోట్లు అందుకునేందుకు అతనికి ఇక్కడి చేతులు కావలసి వచ్చినవి. ఆ సూత్రధారిని పట్టడం ప్రభుత్వాల పని. అతనికి చేయి దొరకకుండా చూడడం మన పని.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి. పని తగ్గిన రోజులలో పిల్లవాని వద్దకు ఎవరో వచ్చి, “నీ ఖాతా, కార్డు నాలుగు దినాలు ఇవ్వు, కమీషను ఇస్తా”నంటే, అది ఎవరి సొమ్మో అడగండి. ఖాతా ఎవరి పేరనున్నదో పోలీసులు మొదట వారి గడపే తొక్కుతారు. మీ డబ్బే పోయినచో సిగ్గుపడక వెంటనే 1930కి ఫోను చేయండి.

మన పెద్దలు ఊరు విడిచి వచ్చి, చేతిపనితో ఇక్కడ పేరు నిలుపుకున్నారు. ఆ చేతులను పరుల పాపానికి అద్దెకివ్వకుందుము గాక.